చెప్పుల వరుసలో నేను పెట్టిన అబద్ధం

వ్యాసం చివర, చిన్న అక్షరాల్లో, ఒక వాక్యం ఉంది: క్షేత్ర పర్యటనలో స్థానిక రవాణాకు సహకరించిన వారికి కృతజ్ఞతలు.

ఆ స్థానిక రవాణా నేనే. నా పరిశోధనకు గైడైన సారు ఆ వ్యాసం కోసం ఒకే ఒక్కసారి కామారెడ్డి స్టేషన్లో రైలు దిగి, నా బండి వెనక కూర్చుని ఎల్లారెడ్డి దాకా వచ్చాడు. దారిలో రెండుసార్లు నడుం నొప్పి అన్నాడు, ఒకసారి చాయ్ తాగాడు, ఒక రేషన్ షాపు ముందు నిలబడి ఫోటో దిగాడు. ఆ వ్యాసంలో ఆయన సొంతం అనదగింది ఆ ఫోటో ఒక్కటే. అది కూడా నేనే తీశాను.

మిగతాదంతా నా నోట్సు. రేషన్ షాపులో యంత్రం వేలిముద్ర పట్టకపోతే మా వైపు ఆడవాళ్లు ఏం చేస్తారన్నది ఆ వ్యాసం. నాట్లు వేసి వేసి, బీడీలు చుట్టి చుట్టి గీతలు అరిగిపోయిన వేలిని ఒకామె జుట్టుకు రుద్దుతుంది, ఒకామె కొంగుకు తుడుస్తుంది, ఇంకొకామె వేలి మీద పక్కింటామె తన చేత్తో బలంగా వత్తుతుంది. యంత్రం కనిపెట్టినవాడికి తెలియని ఈ ఉపాయాలన్నీ రెండు ఎండాకాలాలు షాపుల ముందు నిలబడి రాసుకున్నాను. అచ్చులో చూస్తే పైన సారు పేరు, కింద నేను రవాణా. ఆ రవాణాకు పేరు కూడా లేదు.

నేను కామారెడ్డిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. వయసు నలభై ఎనిమిది. ఆరేళ్లుగా రాజధానిలో ఒక విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేసుకుని, ఉద్యోగం చేసుకుంటూనే పరిశోధన చేస్తున్నాను. నా శాస్త్రం పేరు సమాచార వ్యవస్థలు. ఇది కంప్యూటర్ శాస్త్రం కాదు. యంత్రం, కాగితం, మనిషి, ఈ ముగ్గురి మధ్య జరిగే పేచీని చదివే శాస్త్రం. ఇప్పుడు ఇందులో పెద్దవాళ్లంతా తలలు బద్దలు కొట్టుకునే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కృత్రిమ మేధ చెప్పిన మాటను మనిషి ఎప్పుడు నమ్ముతాడు? ఫోన్లో ఉన్న యాప్ మేస్త్రీలాగా పెత్తనం చేస్తే కూలివాడు ఏం చేస్తాడు? మన వివరాలు మన చేయి దాటాక అవి ఎవరివి? యంత్రం వేసిన దారి వదిలేసి జనం అడ్డదారి తొక్కితే అది తప్పా, తెలివా? ఈ చివరిది నా పేట.

మా ఆవిడకు ఇది ఏనాడూ మింగుడు పడలేదు. "కంప్యూటర్ల పెద్ద చదువు అంటివి. తెల్లారితే ఎల్లారెడ్డి పల్లెలల్ల ముసలవ్వలతోని ముచ్చట వెట్టుడేనా ఆ చదువు?" అనేది. అదే చదువు. అయినా నవ్వి ఊరుకునే పరిస్థితి కాదు. డాక్టరేట్ లేనివాళ్లకు ఇకముందు డిగ్రీ క్లాసులు ఇవ్వబోమని మా కాలేజీ వాళ్లు చెప్పేశారు. పట్టా వస్తే పాఠం, రాకపోతే ల్యాబు తాళాలు చూసుకోవడం. పాతికేళ్లుగా బోర్డు ముందు నిలబడ్డ మనిషికి ఆ రెంటికీ మధ్య ఎంత దూరం ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

వ్యాసం చూసిన రోజే సారుకు ఫోన్ చేశాను.

"సార్, నా పేరు కనబడలేదు."

"కింద కృతజ్ఞతలు చెప్పాను కదయ్యా."

"అది బండి నడిపినోనికి చెప్పిండ్రు సార్."

"బండి నడిపింది నువ్వే కదా?" అని నవ్వాడు. "ముందు థీసిస్ కానీ. పేరుదేముంది, ఎప్పుడైనా వస్తుంది. కొత్త నోట్సు ఏమైనా ఉంటే పంపు."

పంపుతానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇంతకాలం ఊళ్లో నా గురించి జనం అనేది ఒకటే: వాడు నోరు తెరిస్తే పావు వంతు నిజం, ముప్పావు వంతు మసాలా. నేను కాదనను. కాలేజీలో ముఖం చూసి హాజరు వేసే యంత్రం పెట్టినప్పుడు, అది చూసేది ముఖాన్ని కాదు, చెవుల్ని అని స్టాఫ్ రూములో ఒక మాట వదిలాను. చలికాలం. వారం రోజులు లెక్చరర్లంతా గేటు దగ్గర మఫ్లర్లు విప్పి, చెవులు రెండు చేతులతో ముందుకు వంచి చూపించి లోపలికి వచ్చారు. ప్రిన్సిపాల్ సారు ఎందుకైనా మంచిదని చెవుల మీది వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. అలాంటి మాటలు నాకు ఊరికే తట్టేవి. ఈసారి మాత్రం కూర్చుని, ఆలోచించి, ఒక్కొక్క మేకు కొలిచి కొట్టాలనుకున్నాను.

అప్పటికి నా కొత్త అధ్యాయం చెప్పుల వరుస మీద.

ఎల్లారెడ్డి దగ్గర మా మేనత్త ఊళ్లో సహకార సంఘం గోదాం ఉంది. యూరియా లారీ వస్తుందని తెలిస్తే రైతులు తెల్లవారుజామునే వచ్చి గోదాం ముందు తలా ఒక చెప్పు వదిలి వెళ్లిపోతారు. చెప్పు ఉన్న చోట మనిషి ఉన్నట్టే. మనిషి వెళ్లి బర్రె పాలు పిండుకుని వస్తాడు, పిల్లను బడికి పంపి వస్తాడు, చెప్పు మాత్రం కదలదు. ఈమధ్య ఫోన్లో యాప్ వచ్చింది. సంచి అందులో బుక్ చేసుకుంటే వరుస సంఖ్య వస్తుంది. ఫోన్లో సంఖ్య వచ్చినవాళ్లు కూడా వచ్చి చెప్పు పెడుతూనే ఉన్నారు. ఫోన్ చెప్పే వరుస ఒకటి, నేల మీది వరుస ఇంకొకటి. రెండూ కలవకపోతే ఎవరి మాట చెల్లుతుంది, ఎవరు ఎవరికి సర్దుకుంటారు అన్నదే నా ప్రశ్న. ఈ సర్దుబాటు నిజంగా అందమైనది. నేను దానికి ఏమీ కల్పించాల్సిన అవసరం లేదు.

మా మేనత్త ఆ వరుసకు పెద్ద. డెబ్బై దాటింది. నేను నోట్సు పుస్తకం తీస్తే చాలు, గోడకు ఆనుకుని మొదలుపెట్టేది.

"రాసుకో అల్లుడా. ముందటి చెప్పు జరిగితే మన చెప్పు జరపాలె. మనది మనం జరుపుకోవచ్చు, లేనోనిది ఎన్కటోడు జరపాలె. కాలుతోనే జరపాలె. చేతుల వట్టుకుంటివా, ఇగ నీ పని వట్టినట్టే."

"ఎందుకత్తా?"

"చెప్పు చేతుల వడ్తె మనిషి ఏమనుకుంటడు? కొడ్తడనుకుంటడు. గంత సదువుకుంటివి, గిది తెల్వదా?"

ఇవన్నీ రాశాను. అక్షరం మార్చలేదు. వాటి మధ్యలో ఒక పేజీ నా సొంతంగా పెట్టాను.

ఎడమ చెప్పు పెడితే ఒక సంచి కావాలని అర్థం. కుడి చెప్పు పెడితే రెండు. చెప్పు బోర్లా పెడితే ఆ మనిషికి యంత్రంలో వేలిముద్ర పడదని, సంఘం వాళ్లు ఫోన్‌కు వచ్చే అంకెలతో పని కానివ్వాలని అర్థం. ఈ సంకేతాలు ఎవరూ నేర్పకుండానే ఊరంతా పాటిస్తున్నారని, నేను మూడు లారీల పాటు గమనించానని రాశాను. కింద ఒక పట్టిక కూడా గీశాను. పట్టిక ఉంటే చదువుకున్నవాళ్లు ఇట్టే పడిపోతారు.

ఆ మూడో సంకేతం నేను ఏరి కోరి పెట్టింది. మా వైపు గుమ్మం ముందు చెప్పు బోర్లా పడి ఉంటే ఇంట్లో కొట్లాట అవుతుందంటారు. చూసినవాళ్లు ఎవరైనా ఆగి, కాలి వేలితో దాన్ని తిప్పి పోతారు. పుట్టిన దగ్గర్నుంచి ఇది చూడని తెలుగువాడు ఉండడు. వంద మంది రైతులు పొద్దున్నే కావాలని చెప్పులు బోర్లా పెట్టారంటే, మనసు పెట్టి చదివినవాడెవడైనా అక్కడ ఆగాలి. ఆగితే నాకు ఫోన్ చేస్తాడు. చదవకుండా మింగేవాడు అయితే ఆగడు.

ఒక్క తప్పు చేశాను. ఆ పేజీలు ఆరు నెలలకోసారి ఇచ్చే ప్రగతి నివేదికతో కలిపి సారుకు పంపాను. ఆ నివేదికలో ప్రతి పేజీ కింద, ఇది నేను స్వయంగా చూసి రాసిన వాస్తవం అని ఒక గీత ఉంటుంది. గీత మీద సంతకం పెట్టాలి. చేయి అలవాటుగా పోయి పెట్టేసింది. బోను తయారు చేసే ఉత్సాహంలో నేను ఏ వైపు నిలబడ్డానో చూసుకోలేదు.

సారు ఆగలేదు. పాదరక్షల ద్వారా పౌరులు నిర్మించుకున్న సంకేత వ్యవస్థ అన్న పేరుతో ఒక పెద్ద సదస్సులో చదివాడు. నా పట్టిక గీత గీతకూ అలాగే ఉంది. ఈసారి కృతజ్ఞతలు కూడా లేవు. నేను బండి తీయలేదు కదా.

సదస్సులో ఆ ప్రసంగం విన్న ఒక మేడం దాన్ని తాను తెస్తున్న సంకలనంలో వేయాలనుకుంది. మన వైపు మనిషే, చాలా ఏళ్లుగా ఢిల్లీలో పాఠాలు చెబుతోంది. వేసేముందు ఒకసారి ఆ వరుసను కళ్లతో చూస్తానందట. సారు ఫోన్ చేసి, "లారీ ఎప్పుడొస్తుందో కనుక్కో. కారు నేను తెస్తా, నువ్వు దారి చూపించు చాలు" అన్నాడు. దారి చూపించడానికి నాకంటే సంతోషంగా ఒప్పుకున్న మనిషి ఈ జిల్లాలో ఉండడు.

పొద్దున ఏడింటికి గోదాం ముందు దిగాం. చెప్పులు గేటు నుంచి చింతచెట్టు దాకా బారు తీరి ఉన్నాయి. రబ్బరువి, తోలువి, ఒకచోట ఆడపిల్లల పూల చెప్పు, ఒకచోట చెప్పు లేనివాడు పెట్టిన ఇటుక. మనుషులు నీడలో కూర్చుని మాట్లాడుకుంటున్నారు. సారు మెడలో కెమెరా వేసుకుని, మేడం పక్కన నడుస్తూ మొదలుపెట్టాడు.

"ఇది ఎడమది మేడం. ఈ రైతుకు ఒక్క సంచి. ఇదిగో కుడి, ఈయనకు రెండు."

ఇటుక దగ్గరికి వచ్చి ఒక్క క్షణం తడబడ్డాడు. "ఇది... ఇంకా తేలని విషయం" అన్నాడు.

అంతలో ఒక కుక్క వరుసలోంచి అడ్డంగా పరుగెత్తి ఒక చెప్పును బోర్లా పడేసింది. సారు అప్పుడు ఇటుక వైపు చూస్తున్నాడు. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బోర్లా చెప్పు. ఆయన ముఖం వెలిగిపోయింది.

"చూడండి మేడం! ఇదే నేను చెప్పింది. ఈ మనిషికి వేలిముద్ర పడదు." చూపించాలన్న తొందరలో వంగి దాన్ని చేతిలోకి తీసుకుని పైకెత్తాడు.

నీడలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. మా మేనత్త లేచింది.

"ఎవడ్రా అది, నా చెప్పు చేతుల వట్టుకున్నది?"

"అమ్మా, కోపం వద్దు. మీకు వేలిముద్ర పడదు కదా?"

"ఎందుకు వడది? నా ఏలు గిట్ల వెట్టంగనే గట్ల వడ్తది. నీకెవడు సెప్పిండు వడదని? ముందు అది కింద వెట్టు. ఎవల్ని కొట్టనీకి లేపినవ్?"

మేడం ముందుకు వచ్చింది. "అవ్వా, మరి చెప్పు బోర్లా ఎందుకు పెట్టినవు?"

"థూ! పొద్దుగాల్ల బోర్ల చెప్పు ఎవ్వలన్న వెడ్తరా బిడ్డా? కొట్లాట కాదా? కుక్క దొబ్బింది. నువ్వు సూడలేదా?"

"చూసిన" అంది మేడం. అప్పుడు ఆమె సారు వైపు చూసిన చూపు కోసం నేను ఆరేళ్లయినా బండి నడిపేవాణ్ని.

సారు ఇంకా వదల్లేదు. నీడలో ఉన్నవాళ్ల వైపు తిరిగి, ఎడమ పెడితే ఒకటి, కుడి పెడితే రెండు కదా అని అడిగాడు. లుంగీ కట్టుకున్న ఒకాయన తల గోక్కుంటూ లేచాడు.

"గట్లనా సారూ? తెల్వకపాయె. ఇన్నొద్దులు ఎడమదే వెడ్తి."

"మరి బూట్లు వెడ్తెనో?" వెనక నుంచి ఇంకొకడు అరిచాడు. "లారీ మొత్తం ఇస్తరా?"

నవ్వులు గోదాం రేకులకు తగిలి తిరిగొచ్చాయి. ఆ గోలలో సారు మేనత్త చెప్పును కింద పెట్టాడు. పెట్టడం దాని చోటు కంటే రెండు చెప్పులు ముందుకు పెట్టాడు. అంతే, ఆ రెండు చెప్పుల వాళ్లు లేచారు. "ముసల్దానికి సారు సిఫారసా?" అని ఒకడు, "నేనేమన్న వెట్టుమన్ననారా?" అని మేనత్త. చూస్తుండగానే నిజంగానే కొట్లాట మొదలైంది. దాన్ని సర్దడానికి సంఘం మనిషి తాళాలగుత్తి పట్టుకుని బయటికి రావాల్సి వచ్చింది.

కారు దగ్గర మేడం నన్ను పక్కకు పిలిచింది. "ఈ నోట్సు ఎవరిది?"

"సారును అడగండి మేడం. నేను స్థానిక రవాణా" అన్నాను.

తిరిగి వెళ్లేటప్పుడు కారు కామారెడ్డి దాటినా నేను దిగలేదు. భిక్నూర్ ధాబా దగ్గర వాళ్లిద్దరికీ చాయ్ తెచ్చి ఇచ్చి, నేను అక్కడే దిగి బస్సులో కామారెడ్డికి తిరిగొచ్చాను. ఆ చాయ్ అంత రుచి నాకు ఈ జన్మలో మళ్లీ తగల్లేదు.

రుచి పది రోజులు ఉంది. పదకొండో రోజు సారు ఫోన్ చేశాడు. మేడం విశ్వవిద్యాలయానికి ఉత్తరం రాసింది. విచారణ కమిటీ వేశారు.

"నువ్వు చూశానని చెప్పు" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "ఏదో ఒక ఊళ్లో, ఒక్కరోజు చూశానని చెప్పు చాలు. పల్లెల్లో పద్ధతులు మారుతుంటాయి, ఎవరూ వెళ్లి తవ్వరు. వచ్చే నెల నీ థీసిస్ మీద సంతకం పెడతాను."

"నేను కల్పించిన అంటే సార్?"

సారు నెమ్మదిగా అన్నాడు. "ప్రతి పేజీ కింద నీ సంతకం ఉంది. ఒకసారి తీసి చూసుకో."

తీసి చూసుకున్నాను. పైన కుడి, ఎడమ, బోర్లా. కింద నా సంతకం, అక్షరాలు విడివిడిగా, చిన్న పిల్లలు కూడా చదవగలిగేలా. ఆయన దొంగ అని చూపించాలంటే నేను అబద్ధాలకోరునని ఒప్పుకోవాలి. వేరే దారి లేదు. ఆ ఒక్క పేజీతో మిగతా నాలుగు వందల పేజీలూ పోతాయి. వేలు జుట్టుకు రుద్దుకున్న ఆడవాళ్లు, కాలితో జరపాలన్న మేనత్త మాట, ఫోన్ వరుసకూ నేల వరుసకూ మధ్య రైతులు చేసుకున్న సర్దుబాటు. అవన్నీ నిజం. నా అబద్ధంతో కలిపి చూస్తే వాటిని కూడా ఎవరూ నమ్మరు. నన్ను నిజంగా కోసింది అదే.

మా ఆవిడ విషయం అంతా విని పొయ్యి కట్టేసి వచ్చి కూర్చుంది.

"సూసిన అని సెప్పు. పట్టా చేతికచ్చినంక ఎంతన్న కొట్లాడుకో. ఎవ్వలొద్దన్నరు?"

"అచ్చినంక కొట్లాడుడు ఉంటదా?"

"ఉండకుంటే మాయె. గీ వయసుల ల్యాబు తాళాలు వట్టుకొని తిరుగుతవా?"

ఆమె మాటలో న్యాయం ఉంది. మూడు రోజులు ఆలోచించి, చూశాననే చెబుదామని నిర్ణయించుకుని బస్సెక్కాను. ఇది నేను దాచను. ఆ కమిటీ గదిలోకి అడుగు పెట్టేటప్పుడు నా నోట్లో ఆ మాటే సిద్ధంగా ఉంది. ఏ ఊరు, ఏ రోజు అన్నది కూడా దారిలో అల్లుకున్నాను. అల్లడం నాకు కష్టం కాదు.

బల్లకు అటు ముగ్గురు. ఇటు సారు, నేను. అధ్యక్షుడు ముందు సారును అడిగాడు, ఈ సమాచారం ఎవరు సేకరించారని.

సారు నా భుజం మీద చెయ్యి వేశాడు. "మా విద్యార్థి సార్. కొంచెం కబుర్ల మనిషి. కానీ పల్లెటూరి వాళ్లతో మాట్లాడించాలంటే ఇలాంటి వాళ్లే పనికొస్తారు. ఇతను వెళ్లి నాలుగు మాటలు పోగుచేసుకొస్తాడు. ఆలోచన, విశ్లేషణ, ఆ పట్టిక, అవన్నీ నావి."

ఆ పట్టిక. మా ఇంట్లో మంచం మీద బోర్లా పడుకుని, స్కేలు దొరక్క మా ఆవిడ దువ్వెన పెట్టి గీసిన పట్టిక.

అధ్యక్షుడు నా వైపు తిరిగాడు. "ఎడమ, కుడి, బోర్లా. ఇది మీరు చూశారా?"

"లేదు సార్" అన్నాను. "చూడలేదు. ఎవ్వరూ చూడలేరు. నేను కల్పించాను."

నా భుజం మీది చెయ్యి తేలికైంది.

"ఎందుకు కల్పించారు?"

"ఇంతకుముందు నా వ్యాసం ఒకటి పోయింది సార్. ఈసారి తీసుకుపోయినవాడు దొరకాలని."

"మరి కింద సంతకం ఉందే? స్వయంగా చూసి రాసిన వాస్తవమని?"

"ఉంది సార్. ఆ పేజీలో నిజం అదొక్కటే."

కమిటీలో ఒకాయన నవ్వబోయి దగ్గాడు. అధ్యక్షుడు నవ్వలేదు. పట్టిక ఎవరిదని సారును మళ్లీ అడిగాడు. తనది అంటే అబద్ధం తనదవుతుంది. నాది అంటే దొంగతనం ఒప్పుకున్నట్టే. సారు నీళ్ల గ్లాసు ఎత్తి, తాగకుండా దించాడు. ఆ గ్లాసు అలా మూడుసార్లు లేచి దిగింది. నేను లెక్కపెట్టాను.

నిర్ణయం రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. వ్యాసాలు రెండూ వెనక్కి తీసుకోవాలి. ఇకమీదట ఆయనకు విద్యార్థులను ఇవ్వరు. నా పేరు నమోదు రద్దు. మా కాలేజీకి కబురు నాకంటే ముందే చేరింది. వచ్చే టర్ము నుంచి ల్యాబు తాళాలు నావి. నా పాఠాలు చెప్పబోయే కుర్రలెక్చరర్ వచ్చి, అంకుల్ ఏ కంప్యూటర్ ఏ టైముకు ఆగిపోతుందో కాస్త చెప్పండి అని అడిగాడు. చెప్పాను. నాకు బాధ లేదని రాస్తే అది ఇంకో కల్పన అవుతుంది. పశ్చాత్తాపం మాత్రం లేదు, వెతికి చూశాను.

రద్దు కాగితం మీద విద్యార్థి, గైడు ఇద్దరూ సంతకం పెట్టాలట. అందుకోసం ఇంకోసారి రాజధానికి వెళ్లాను. సెక్షన్ గుమాస్తా కాగితం ముందుకు తోశాడు. సారు అప్పటికే వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నన్ను చూసి తల తిప్పుకున్నాడు. నేను నా పెన్ను తీసి, తొందరేం లేకుండా, అక్షరం అక్షరం చూసుకుంటూ సంతకం పెట్టి, మూత బిగించి జేబులో పెట్టుకున్నాను.

సారు చొక్కా జేబు తడుముకున్నాడు. ప్యాంటు జేబులు తడుముకున్నాడు. గుమాస్తా ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతూ అటు తిరిగి ఉన్నాడు. చివరికి నా జేబు వైపు చూసి చెయ్యి చాపాడు.

"ఒకసారి పెన్ను..."

"ఇంకు అయిపోయింది సార్" అన్నాను.

ఇప్పుడే కదా రాసింది, అన్నట్టు చూశాడు. నేను కూడా అలాగే చూశాను. ఆయన లేచి, వరండాలోకి పోయి, ఒక్కొక్క గది తలుపు దగ్గర ఆగి అడుగుతూ చివరిదాకా నడిచాడు. భోజనాల వేళ, గదులన్నీ ఖాళీ. నా బస్సు కదిలే సమయం అయింది. ఆయన తిరిగి వచ్చేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.